చేత్తో కుదిరిన సీక్వెన్సింగ్ లైబ్రరీని రోబోకు అప్పగించడం ఎలా?

"అదే కిట్, అదే డీఎన్ఏ. చేత్తో చేస్తే లైబ్రరీ చక్కగా వస్తోంది. రోబో మీద పెడితే దిగుబడి సగానికి పడిపోతోంది. ఎందుకు?" రకరకాల మాటల్లో పదే పదే వచ్చే ప్రశ్న ఇది. లైబ్రరీ అంటే సీక్వెన్సర్ చదవడానికి సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కల సముదాయం, రోబో అంటే ఇక్కడ ద్రవాలను కొలిచి పోసే యంత్రం. జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే. పైపెట్ పట్టుకున్నప్పుడు మీరు ఎక్కడా రాసుకోని పనులు ఎన్నో చేస్తుంటారు. ద్రవం చిక్కగా ఉంటే బొటనవేలు తనంతట తానే నెమ్మదిస్తుంది. టిప్ కొసన చుక్క వేలాడితే వెల్ (ప్లేటులోని చిన్న గుంట) గోడకు తాకించి దించుతారు. డీఎన్ఏను పట్టుకునే అయస్కాంత బీడ్స్ జారుతుంటే కన్ను పసిగడుతుంది, చెయ్యి ఆగుతుంది. ప్రోటోకాల్ కాగితంలో ఇవేవీ ఉండవు. రోబోకు తెలిసేది కాగితంలో ఉన్నది మాత్రమే. అందుకే మీ చేతికి తెలిసినదంతా ఎంత వేగం, ఎంత ఎత్తు, ఎన్ని సెకన్లు అనే అంకెలుగా మార్చి దానికి చెప్పాలి. ఈ వ్యాసం ఆ మార్పిడి గురించే.

హామిల్టన్, బయోమెక్, టెకాన్, బ్రావో, ఓపెన్‌ట్రాన్స్ ఏదైనా సరే, తెరలు వేరైనా పని క్రమం ఒకటే. ఉదాహరణకు 96 వెల్స్ ప్లేటులో ఎడాప్టర్ లైగేషన్ పద్ధతిని, అంటే డీఎన్ఏ ముక్కల చివరలకు ఎడాప్టర్లనే చిన్న డీఎన్ఏ తునకలను అతికించే పద్ధతిని తీసుకున్నాను. మీది ట్యాగ్మెంటేషన్ కిట్ (ముక్కలు చేయడం, ఎడాప్టర్ తగిలించడం ఒకే మెట్టులో జరిగేది) అయితే మెట్లు తగ్గుతాయి, జాగ్రత్తలు తగ్గవు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. వారానికి ఎనిమిదో పదహారో నమూనాలు చేసేవారికి మల్టీచానెల్ పైపెట్ చాలు. అంతకు మించి చేస్తున్నా, ప్రోటోకాల్ మొత్తాన్ని ఒకేసారి రోబోకు ఎక్కించకండి. ముందుగా బీడ్స్‌తో శుభ్రపరిచే మెట్టును మాత్రమే అప్పగించండి. చేతులు ఎక్కువ అలసేది అక్కడే, మనిషికీ మనిషికీ తేడా వచ్చేది కూడా అక్కడే. అది నిలకడగా నడిచాక మిగతావి ఒక్కొక్కటిగా చేర్చండి.

కావలసినవి

- చేత్తో నమ్మకంగా ఫలితమిస్తున్న ప్రోటోకాల్, దాని దిగుబడి అంకెలు, ఫ్రాగ్మెంట్ సైజుల గ్రాఫులు. పోల్చడానికి ఇవి లేకపోతే రోబో బాగా చేసిందో లేదో చెప్పలేరు.
- డెక్ (రోబో పని బల్ల) మీద పట్టే ప్లేట్ మాగ్నెట్, చల్లని బ్లాక్, వీలైతే షేకర్. థర్మల్ సైక్లర్ డెక్ మీదే ఉంటే మంచిది, పక్కన ఉన్నా ఇబ్బంది లేదు.
- చుట్టూ పూర్తి అంచు ఉన్న గట్టి పీసీఆర్ ప్లేట్లు. మెత్తటి ప్లేట్లు వేడికి వంగుతాయి, అప్పుడు టిప్ గురి తప్పుతుంది.
- రోబో తయారీదారు సూచించిన ఫిల్టర్ టిప్‌లు.
- అడుగున గాడులున్న రిజర్వాయర్లు.
- 0.1 మిల్లీగ్రాము వరకు తూచే త్రాసు, ప్లేట్ రీడర్, టార్ట్రజీన్ లేదా ఆరెంజ్ జీ రంగు, గ్లిసరాల్.
- పరీక్షలకు లాంబ్డా డీఎన్ఏ లాంటి చవకైన డీఎన్ఏ. మానవ నమూనాలతో పనిచేసేవారైతే లక్షణాలు బాగా తెలిసిన ఎన్ఏ12878 డీఎన్ఏ కూడా.
- క్యూబిట్ లాంటి ఫ్లోరోమీటర్, టేప్‌స్టేషన్ లేదా బయోఎనలైజర్.

పీసీఆర్‌కు ముందు పనులకూ తర్వాతి పనులకూ వేర్వేరు రోబోలు ఉండాలి. ఒకటే ఉంటే దాన్ని పీసీఆర్ ముందు గదిలోనే ఉంచి, పీసీఆర్ తర్వాతి శుభ్రతను చేత్తో చేసుకోండి. పీసీఆర్‌తో కాపీలు పెంచిన లైబ్రరీ ఒక్క చుక్క డెక్ మీద చిందినా తర్వాతి ప్లేట్లన్నిటికీ అంటుకునే ప్రమాదం ఉంది.

1. ప్రోటోకాల్‌ను ద్రవాల పట్టికగా విప్పండి

ప్రతి బదిలీకి ఒక వరుస రాయండి. ఏ ద్రవం, ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడికి, చిక్కనిదా, ఆవిరయ్యేదా, నురుగు వచ్చేదా, కొత్త టిప్ కావాలా, ఎన్నిసార్లు కలపాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఈ పట్టిక పూర్తయ్యేవరకు సాఫ్ట్‌వేర్ తెరవకండి.

పట్టికలో 2 మైక్రోలీటర్ల కంటే తక్కువ ఉన్న ప్రతి వరుస చుట్టూ గీత గీయండి. చాలా రోబోలు అంత చిన్న పరిమాణాన్ని నిలకడగా వేయలేవు. ఆ ద్రవాన్ని మాస్టర్ మిక్స్‌లో (అన్ని వెల్స్‌కూ సరిపడా ముందే కలిపి ఉంచే మిశ్రమంలో) కలపండి, లేదా ముందే పలుచన చేసి ఎక్కువ పరిమాణంలో వేయండి.

హెచ్చరిక: మెట్లు తగ్గుతాయి కదా అని ఎడాప్టర్‌ను లైగేషన్ మాస్టర్ మిక్స్‌లో కలపకండి. లైగేజ్ (అతికించే ఎంజైము) ఎదురుగా డీఎన్ఏ లేనప్పుడు ఎడాప్టర్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నమూనాలో ముందు ఎడాప్టర్, దాని తర్వాత లైగేజ్ మిక్స్ వేరుగా వేయండి.

వెల్ ఎంత పట్టుకుంటుందో కూడా ఇప్పుడే చూసుకోండి. 100 మైక్రోలీటర్ల నమూనాకు 1.8 రెట్లు బీడ్స్ అంటే మొత్తం 280. మామూలు పీసీఆర్ వెల్ పట్టేది 200. అలాంటి మెట్టుకు లోతు వెల్స్ ప్లేటు, దానికి సరిపడే మాగ్నెట్ కావాలి.

2. వృథాను లెక్కలో పెట్టండి

మాస్టర్ మిక్స్ ఒక్కో వెల్‌కు 10 మైక్రోలీటర్లు అనుకుందాం. ఎనిమిది గొట్టాల స్ట్రిప్ నుంచి 12 నిలువు వరుసలకు పంచితే ఒక్కో గొట్టం 120 ఇవ్వాలి. పది శాతం అదనం కలిపితే 132. అడుగున టిప్‌కు అందకుండా మిగిలిపోయేది మరో 5. ఎనిమిది గొట్టాలకు మొత్తం 1,096 మైక్రోలీటర్లు. అంటే 96 నమూనాలకు దాదాపు 110 రియాక్షన్ల సరుకు పోస్తున్నారన్నమాట. కిట్ ఆర్డరు పెట్టేటప్పుడే ఈ లెక్క చూసుకోకపోతే చివరి వరుసకు గాలి మాత్రమే మిగులుతుంది.

అడుగు చదునుగా ఉన్న రిజర్వాయర్లో మిల్లీలీటర్ల కొద్దీ బీడ్స్ మిగిలిపోతాయి. బీడ్స్ ఖరీదైనవి కాబట్టి వాటిని లోతు వెల్స్ ప్లేటులో ఒక నిలువు వరుసలో పోసి వాడటమే మేలు.

3. డెక్ అమర్చండి, ప్లేట్ల కొలతలు నిజంగా సరిచూడండి

ప్లేట్ల బయటి కొలత ప్రమాణం ప్రకారం 127.76 మిల్లీమీటర్ల పొడవు, 85.48 వెడల్పు. 96 వెల్స్ ప్లేటులో వెల్‌కూ వెల్‌కూ మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. ఈ రెండూ ఒకేలా ఉండటంతో ప్లేట్లన్నీ ఒకటే అన్న భ్రమ కలుగుతుంది. ఎత్తు, వెల్ లోతు, అడుగు ఆకారం కంపెనీని బట్టి మారతాయి. అదే ప్లేటు మాగ్నెట్ మీద ఒక ఎత్తులో, చల్లని బ్లాక్ మీద మరో ఎత్తులో కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ జాబితాలో దగ్గరగా కనిపించిన పేరును ఎంచుకుని సరిపెట్టుకోకండి.

సరిచూసే పద్ధతి: ప్లేటును అసలు కూర్చునే చోటే పెట్టి, ఏ1, ఏ12, హెచ్1, హెచ్12 వెల్స్‌లోకి టిప్‌ను అడుగుకు 1 మిల్లీమీటరు పైన ఆగమని చెప్పండి. టార్చ్ వేసి పక్క నుంచి చూడండి. నాలుగు మూలల్లోనూ టిప్ మధ్యలో, ఒకే ఎత్తులో ఉండాలి. ప్లేటు పెట్టే ప్రతి స్థానంలోనూ ఇలా చూడాలి.

4. ఒక్కో ద్రవానికి ఒక్కో లిక్విడ్ క్లాస్

పీల్చే వేగం, వదిలే వేగం, మధ్యలో ఆగే సమయం, గాలి ఖాళీ, టిప్ మునిగే లోతు వంటి అమరికలన్నిటినీ కలిపి లిక్విడ్ క్లాస్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీటి క్లాస్‌నే అన్నిటికీ వాడటం అందరిలోనూ కనిపించే పొరపాటు. కనీసం మూడు క్లాసులు విడిగా తయారు చేసుకోండి.

చిక్కటి ద్రవాలు: గ్లిసరాల్‌లో ఉండే ఎంజైములు, పాలీఇథిలీన్ గ్లైకాల్ ఉన్న లైగేషన్ మిక్స్ ఈ కోవలోకి వస్తాయి. సెకనుకు 5 నుంచి 10 మైక్రోలీటర్ల వేగంతో మొదలుపెట్టండి. పీల్చాక ఒకటి రెండు సెకన్లు టిప్‌ను ద్రవంలోనే ఆపండి, ఎందుకంటే చిక్కటి ద్రవం ఆలస్యంగా పైకెక్కుతుంది. తర్వాత నెమ్మదిగా బయటికి తీయండి. టిప్ 2 మిల్లీమీటర్ల కంటే లోతు మునగకూడదు. మునిగితే బయటి గోడకు అంటిన ద్రవం కూడా లెక్కకు మించి వెంట వస్తుంది. చివర గాలి ఊదడం మానేయండి, బుడగలు తప్పుతాయి.

ఇథనాల్: దాని ఆవిరి టిప్ లోపల ఒత్తిడి పెంచి చుక్కలు రాలుస్తుంది. అసలు బదిలీకి ముందు రెండు మూడు సార్లు పీల్చి వదిలితే టిప్ లోపలి గాలి ఆవిరితో నిండి చుక్కలు ఆగుతాయి. పీల్చాక కొస వైపు కొంత గాలి ఖాళీ పెట్టండి. ఇథనాల్‌తో నిండిన టిప్ ఇతర వెల్స్ మీదుగా ప్రయాణించకుండా దారి మార్చండి.

బీడ్స్: ఇవి చిక్కనివి మాత్రమే కాదు, ఊరుకుంటే అడుగుకు దిగిపోతాయి కూడా. పీల్చే ప్రతిసారీ ముందు కలపమని చెప్పాలి. ఒకసారి మొదట్లో కలిపితే చాలదు.

5. నీళ్లతో, రంగుతో కొలిచి చూడండి

ఖాళీ ప్లేటు తూచి, నీళ్లు వేయించి, మళ్లీ తూచండి. 20 డిగ్రీల దగ్గర ఒక మైక్రోలీటరు నీరు 0.998 మిల్లీగ్రాములు. ఇది సగటును మాత్రమే చెబుతుంది. ఒక వెల్‌లో ఎక్కువ, మరో వెల్‌లో తక్కువ పడినా త్రాసుకు తెలియదు. అందుకు రంగు కావాలి. టార్ట్రజీన్ ద్రావణాన్ని అడుగు చదునుగా ఉన్న ప్లేటులో వేయించి, నీటితో 200 మైక్రోలీటర్లకు నింపి, బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్ రీడర్లో చదవండి. కాంతి పై నుంచి కిందికి వెళ్తుంది కాబట్టి నింపిన నీరు కాస్త అటూ ఇటూ అయినా ఫలితం పెద్దగా మారదు, వెల్‌లో ఉన్న రంగు మొత్తమే లెక్క. బుడగ ఉంటే మాత్రం అంకె చెడుతుంది.

10 మైక్రోలీటర్లు, ఆ పైన వెల్స్ మధ్య తేడా గుణకం 5 శాతం లోపు, 2 మైక్రోలీటర్ల దగ్గర 10 శాతం లోపు ఉంటే నేను ముందుకు వెళ్తాను. గుర్తింపు పొందిన ల్యాబ్ అయితే స్వయంచాలక ద్రవ యంత్రాల కోసం 2022లో వచ్చిన ఐఎస్ఓ 23783 ప్రమాణాన్ని చూసి మీ హద్దులు రాసుకోండి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. నీటిలో కలిపిన రంగు నీటి క్లాస్‌నే పరీక్షిస్తుంది. అదే రంగును 50 శాతం గ్లిసరాల్‌లో కలిపి చిక్కటి క్లాస్‌ను కూడా పరీక్షించండి. అసలు తేడాలు బయటపడేది అప్పుడే.

6. బీడ్స్ శుభ్రత: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

రోబో మీద లైబ్రరీ చెడిందంటే నేను మొదట వెతికేది ఈ మెట్టులోనే.

ముందుగా పరిమాణం. 50 మైక్రోలీటర్ల నమూనాకు 40 బీడ్స్ అంటే 0.8 రెట్లు. థర్మల్ సైక్లర్లో ఆవిరై నమూనా 45కు దిగితే అదే 40 బీడ్స్ దాదాపు 0.89 రెట్లు అవుతాయి. నిష్పత్తి పెరిగితే చిన్న ముక్కలు కూడా బీడ్స్‌కు పట్టుకుంటాయి, వాటితో పాటు ఎడాప్టర్ డైమర్లూ (ఒకదానికొకటి అతుక్కున్న ఎడాప్టర్లు) మిగిలిపోతాయి. సైక్లర్ నుంచి వచ్చిన ప్లేటును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఒకటి రెండు వెల్స్ పరిమాణం పైపెట్‌తో కొలిచి, తగ్గితే బఫర్‌తో 50కి నింపాకే బీడ్స్ వేయించండి.

బీడ్స్‌ను అరగంట ముందే ఫ్రిజ్ నుంచి తీసి గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. వేశాక మొత్తం పరిమాణంలో 80 శాతాన్ని కనీసం పదిసార్లు పీల్చి వదిలి కలపమనండి. అడుగున పీల్చి, కాస్త పైన వదిలితే బాగా కలుస్తుంది. ద్రవ మట్టానికి పైన వదిలితే నురుగు వస్తుంది. కలిసిందో లేదో ప్లేటును ఎత్తి కింది నుంచి చూస్తే తెలుస్తుంది. గోధుమ రంగు అంతటా ఒకేలా ఉండాలి, అడుగున ముదురు చుక్క కనిపిస్తే ఇంకా కలపాలి.

ఐదు నిమిషాలు ఉంచి మాగ్నెట్ మీదికి మార్చండి. ద్రవం తేటపడే వరకు ఆగాలి, పరిమాణం ఎక్కువైతే ఐదు నిమిషాలకు పైనే పట్టవచ్చు. తర్వాత పైద్రవం తీసే చోటు మీ మాగ్నెట్ రకాన్ని బట్టి ఉంటుంది. ఉంగరం రకంలో బీడ్స్ వెల్ గోడ చుట్టూ అంటుకుంటాయి, టిప్ సరిగ్గా మధ్యలో దిగాలి. నాలుగు వెల్స్ మధ్య ఒక స్తంభం ఉండే రకంలో బీడ్స్ సరి, బేసి నిలువు వరుసల్లో ఎదురెదురు వైపులకు చేరతాయి. అక్కడ టిప్‌ను బీడ్స్‌కు దూరంగా జరపాలి, ఆ జరుపు కూడా ఒక వరుసలో ఎడమకు, మరో వరుసలో కుడికి ఉండాలి. అన్ని వరుసలకూ ఒకే దిశ పెడితే సగం ప్లేటు బాగా వస్తుంది, సగం బీడ్స్ చెత్తబుట్టలోకి పోతాయి.

మొత్తం ఒకేసారి లాగకండి. ఎక్కువ భాగం నెమ్మదిగా తీసి, కొన్ని సెకన్లు ఆగి, మిగిలినది ఇంకా నెమ్మదిగా తీయండి. మొదటిసారి 5 మైక్రోలీటర్లు వదిలేయడం క్షేమం, కడుగులో అది పోతుంది.

కడగడానికి ఆ రోజే కలిపిన 80 శాతం ఇథనాల్ వాడండి. పాతబడితే ఆల్కహాల్ ఆవిరై నీటి పాలు పెరుగుతుంది, డీఎన్ఏ కొట్టుకుపోతుంది. బీడ్స్‌కు ఎదురు గోడ మీదుగా పోసి, 30 సెకన్లు ఉంచి, తీయండి. రెండుసార్లు. రెండోసారి తీశాక చిన్న టిప్‌లతో మరోసారి అడుగుకు వెళ్లి మిగిలిన చుక్కను లాగించండి. పది మైక్రోలీటర్ల ఇథనాల్ మిగిలినా పీసీఆర్ దెబ్బతింటుంది.

ఇక ఆరబెట్టడం. చేత్తో చేసినప్పుడు కనిపించని చిక్కు ఇక్కడ పుడుతుంది. ఎనిమిది చానెళ్ల రోబో ఒక నిలువు వరుసకు 40 సెకన్లు తీసుకుంటే, పన్నెండో వరుస పూర్తయ్యేసరికి 8 నిమిషాలు గడుస్తాయి. మొదటి వరుస బీడ్స్ ఎండి బీటలు వారతాయి, చివరి వరుస ఇంకా తడిగానే ఉంటుంది. డెక్ మీద గాలి ఫ్యాను నడుస్తుంటే తేడా మరీ పెరుగుతుంది. 96 చానెళ్ల తల ఉంటే ఈ సమస్య లేదు. లేకపోతే ప్లేటును మూడేసి వరుసల గుంపులుగా విడదీసి, ప్రతి గుంపుకు ఇథనాల్ తీయడం, ఆరబెట్టడం, ఎల్యూషన్ బఫర్ (బీడ్స్ నుంచి డీఎన్ఏను విడదీసే ద్రవం) వేయడం పూర్తి చేశాకే తర్వాతి గుంపుకు వెళ్లమనండి. అప్పటివరకు మిగతా గుంపులు ఇథనాల్‌లో ఉండటం వల్ల హాని లేదు. బీడ్స్ మెరుపు పోయి మసకబారితే చాలు, బీటలు వారే వరకు ఆగకూడదు.

ఎల్యూషన్‌కు 22 మైక్రోలీటర్లు వేసి 20 తీసుకోండి. అంత తక్కువ ద్రవం గోడకు అంటిన బీడ్స్‌ను తానుగా తడపదు. మాగ్నెట్ మీద నుంచి దించి, బీడ్స్ ఉన్న వైపే పోయించి, కలపాలి. షేకర్ ఉంటే ఒక నిమిషం ఊపి, తిప్పి దించండి.

ఈ మెట్టును విడిగా పరీక్షించాలి. 96 వెల్స్‌లోనూ 100 నానోగ్రాముల చొప్పున ముక్కలైన డీఎన్ఏ వేసి, 1.8 రెట్ల బీడ్స్‌తో శుభ్రత మాత్రమే నడిపి, క్యూబిట్‌తో కొలవండి. 80 శాతానికి పైగా తిరిగి రావాలి, వెల్స్ మధ్య తేడా చిన్నదిగా ఉండాలి. అది రానంతవరకు లైబ్రరీ కిట్ తెరవకండి.

7. చలి, వేడి, నిరీక్షణ

డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైము వేసిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది. నమూనా ప్లేటు, ఎంజైము రెండూ చల్లని బ్లాక్ మీదే ఉండాలి. సైక్లర్‌ను ముందే 4 డిగ్రీల దగ్గర ఉంచి ప్లేటు పెట్టాకే కార్యక్రమం మొదలుపెట్టండి. లైగేషన్ 20 డిగ్రీల దగ్గర జరుగుతుంది కాబట్టి అప్పుడు సైక్లర్ వేడి మూత ఆపేయాలి, పీసీఆర్‌కు మాత్రమే 105 డిగ్రీలు.

8. నమూనాల పట్టిక, ఇండెక్సులు

ద్రవాల తప్పు ఒక వెల్‌ను పాడుచేస్తే, పట్టిక తప్పు ప్లేటు మొత్తాన్ని పాడుచేస్తుంది. పైగా లైబ్రరీలన్నీ అందంగా కనిపిస్తాయి. ఒకరి ఫలితం మరొకరి పేరు మీద వెళ్తుంది.

చాలా రోబోలు వెల్స్‌ను నిలువుగా లెక్కిస్తాయి, అంటే ఏ1, బీ1, సీ1. స్ప్రెడ్‌షీట్‌లో మనుషులు అడ్డంగా రాస్తారు, ఏ1, ఏ2, ఏ3. రెండింటిలో ఏది వాడుతున్నారో పట్టిక మొదటి వరుసలోనే రాయండి, వెల్ పేరు లేకుండా వరుస సంఖ్యతో మాత్రమే నమూనాను గుర్తించకండి. స్ప్రెడ్‌షీట్ మరో ద్రోహం కూడా చేస్తుంది. నమూనా సంఖ్య ముందున్న సున్నాలను తీసేస్తుంది, అంకెల మధ్య ఇంగ్లిష్ 'E' అక్షరం ఉన్న సంఖ్యలను ఘాతాంక రూపంలోకి మార్చేస్తుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా నిర్ణయించండి. సీఎస్‌వీ ఫైలును రోబోకు ఇచ్చే ముందు సాదా టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి చూడండి.

ప్లేటును అటుది ఇటుగా (180 డిగ్రీలు) తిప్పి పెడితే ఏ1 స్థానంలోకి హెచ్12 వస్తుంది. ప్లేట్ల మూల కోత ఎటువైపు ఉండాలో డెక్ మీద గుర్తు వేయండి. బార్‌కోడ్ రీడర్ ఉంటే ఒక వైపు అంచుకే బార్‌కోడ్ అతికించండి, తిరగబడితే రోబోయే ఆగిపోతుంది.

ఇండెక్స్ అంటే ఏ లైబ్రరీ ఏ నమూనాదో చెప్పే చిన్న డీఎన్ఏ గుర్తు. ఇండెక్స్ ప్లేటును రేకు తీసే ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. వాడిన వెల్‌లోకి మళ్లీ వెళ్లకండి. ప్రతి నమూనాకు రెండు చివరలా మరే నమూనాకూ వాడని ఇండెక్సులుండే జంటలనే ఎంచుకోండి. అప్పుడు సీక్వెన్సర్ మీద ఇండెక్సులు తారుమారైనా ఆ రీడ్లను (సీక్వెన్సర్ చదివిన డీఎన్ఏ వరుసలను) వడగట్టవచ్చు.

9. నమూనా పెట్టకముందు నడపాల్సిన పరుగులు

ఖాళీ ప్లేట్లతో ఒకసారి, నీళ్లతో ఒకసారి, నకిలీ ద్రవాలతో ఒకసారి నడపండి. తర్వాత ఎనిమిది వెల్స్‌లో తెలిసిన డీఎన్ఏ పెట్టి అసలు కిట్‌తో నడపండి. ఆ ఎనిమిదీ ఒకే నిలువు వరుసలో కాకుండా, నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ ఉండాలి.

ఆ తర్వాతదే కీలకం. చదరంగం పలకలా ఒక వెల్‌లో డీఎన్ఏ, పక్క వెల్‌లో నీరు, మొత్తం 48 చొప్పున పెట్టి పూర్తి ప్రోటోకాల్ నడపండి. నీటి వెల్స్‌లో లైబ్రరీ ఆకారం కనిపించకూడదు. 120 నుంచి 130 బేస్ జతల దగ్గర సన్నటి శిఖరం కనిపిస్తే అది ఎడాప్టర్ డైమరే, పక్క వెల్ నుంచి వచ్చింది కాదు. మరింత నిశితంగా చూడాలంటే నీటికి బదులు వేరే జీవి డీఎన్ఏ పెట్టండి. మానవ డీఎన్ఏ వెల్‌లో లాంబ్డా రీడ్లు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఎంత కలుషితమైందో అంకెల్లో తెలుస్తుంది.

10. అసలు పరుగు రోజు

- చెత్త తొట్టి ఖాళీ చేశారా? నిండిన తొట్టిలో టిప్‌లు పైకి పేరుకుని రోబో చేతికి తగులుతాయి.
- టిప్ పెట్టెల సంఖ్య సాఫ్ట్‌వేర్ చెప్పినదానికి సరిపోయిందా?
- ప్లేట్ల మీద రేకు, గొట్టాల మూతలు తీశారా?
- మాస్టర్ మిక్స్ తిప్పి బుడగలు పోగొట్టారా? ద్రవ మట్టాన్ని పసిగట్టే రోబో బుడగను కూడా ద్రవం అనుకుంటుంది.

ప్రతి కొత్త మెట్టులో మొదటి నిలువు వరుస అయ్యేవరకు అక్కడే నిలబడండి. ఎడాప్టర్ లైగేషన్ శుభ్రత తర్వాత, పీసీఆర్ తర్వాత ప్లేటును సీల్ చేసి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఆపుకోవచ్చు. కిట్ పుస్తకం వేరే చోటు చెబితే దాన్నే అనుసరించండి.

11. మధ్యలో ఆగిపోతే

తెర మీద వచ్చిన సందేశాన్ని ఫోటో తీయండి. ఏ మెట్టు, ఏ నిలువు వరుస వరకు పూర్తయిందో కళ్లతో చూసి రాసుకున్నాకే ఏ బటన్ అయినా నొక్కండి. తొందరపడి మళ్లీ నడిపిస్తే కొన్ని వెల్స్‌కు ఎంజైము రెండుసార్లు పడుతుంది. బీడ్స్ ఇథనాల్‌లో ఉన్నప్పుడు ఆగితే యంత్రంతో కుస్తీ పట్టకండి, మల్టీచానెల్ పైపెట్‌తో చేత్తో పూర్తి చేయండి. లైగేషన్ మిక్స్ సగం ప్లేటుకు పడి ఆగితే మిగతా సగానికి కూడా వెంటనే చేత్తో వేసి, గడియారం రెండింటికీ విడిగా చూసుకోండి.

12. ఫలితాన్ని ప్లేటు బొమ్మగా చూడండి

క్యూబిట్ అంకెలను నిలువు జాబితాగా చూస్తే ఏమీ తెలియదు. 8 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసల గళ్లలో పెట్టి రంగులు వేయండి. ఆ ఆకారమే కారణం చెబుతుంది.

- ఒక అడ్డు వరుస మొత్తం తక్కువ: ఆ చానెల్‌లో టిప్ సరిగా కూర్చోవడం లేదు, లేదా రబ్బరు ఉంగరం అరిగింది.
- ఎడమ నుంచి కుడికి మెల్లగా మారడం: సమయం తేడా. ఆరబెట్టడం, బీడ్స్ దిగిపోవడం, ఎంజైము ముందే మొదలవడం, ఈ మూడింటిలో ఒకటి.
- సరి నిలువు వరుసలు మాత్రమే తక్కువ: మాగ్నెట్ దగ్గర టిప్ జరుపు.
- చివరి ఒకటి రెండు నిలువు వరుసలు తక్కువ: మాస్టర్ మిక్స్ చాలలేదు.
- అంచు వెల్స్ తక్కువ: ఆవిరి, సీల్ సరిగా అంటకపోవడం.
- ఒక మూల మాత్రమే తక్కువ: ప్లేటు సమంగా కూర్చోలేదు.
- అక్కడొకటి ఇక్కడొకటి: బుడగలు, లేదా నమూనాయే బాగా లేదు. అదే నమూనాను చేత్తో ఒకసారి చేసి చూస్తే ఏదో తేలిపోతుంది.

ఫ్రాగ్మెంట్ గ్రాఫులో ప్రధాన శిఖరం చేత్తో చేసిన దానితో కలవాలి. 120 నుంచి 130 దగ్గర శిఖరం పెద్దదిగా ఉంటే 0.9 రెట్ల బీడ్స్‌తో మరోసారి శుభ్రపరచండి. ప్రధాన శిఖరానికి కుడివైపు రెండో గుట్ట కనిపిస్తే పీసీఆర్ చక్రాలు ఎక్కువయ్యాయన్నమాట, తర్వాతి పరుగులో ఒకటి రెండు తగ్గించండి.

లైబ్రరీలన్నిటినీ ఒకటిగా కలిపి పూల్ చేయడానికి గాఢతను నానోమోలార్‌లోకి మార్చాలి. మైక్రోలీటరుకు ఎన్ని నానోగ్రాములో ఆ అంకెను 660తో, సగటు పొడవుతో భాగించి, పది లక్షలతో గుణించండి. మైక్రోలీటరుకు 4 నానోగ్రాములు, 400 బేస్ జతలు అయితే దాదాపు 15 నానోమోలార్. రోబోకు పూలింగ్ ఇచ్చేటప్పుడు మొదటి మెట్టు నియమమే వర్తిస్తుంది. 0.6 మైక్రోలీటర్లు వేయమనకండి, లైబ్రరీలన్నిటినీ ముందు 4 నానోమోలార్‌కు పలుచన చేసి, ఆ తర్వాత అన్నిటి నుంచీ సమానంగా 5 మైక్రోలీటర్లు తీయించండి. రీడ్లు సమంగా రావడం చాలా ముఖ్యమైతే పూల్‌ను చిన్న సీక్వెన్సర్ మీద ఒకసారి నడిపి, వచ్చిన రీడ్ల నిష్పత్తిని బట్టి పూల్‌ను సరిదిద్దాకే పెద్ద ఫ్లో సెల్ మీద పెట్టండి.

పరుగు కుదిరాక ఆ మెథడ్‌కు ఒక సంచిక సంఖ్య ఇచ్చి తాళం వేయండి. ఆపై ఏదైనా మార్చాలంటే ఒక్కసారికి ఒకటే మార్చి, కొత్త సంఖ్యతో దాచండి. టిప్‌ల లేదా ప్లేట్ల రకం మారినా, రోబోను జరిపినా, సర్వీసు చేయించినా ఐదో మెట్టులోని రంగు పరీక్ష మళ్లీ చేయండి. ఇవేవీ జరగకపోయినా మూడు నెలలకు ఒకసారి చేసి, ఆ అంకెలను పాతవాటి పక్కనే రాసుకోండి.